లోహాన్ని పట్టుకోలేని తరంగం

ప్రశ్న: ప్లాస్మోనిక్స్ అంటే బంగారు నానో కణాలు, కంటికి కనిపించే కాంతి అనే చదువుకున్నాను. పీహెచ్‌డీకి మా గైడ్ టెరాహెర్ట్జ్ తరంగాలతో చేయమంటున్నారు. అక్కడ లోహం వట్టి అద్దంలా ఉంటుందట కదా, ఇక ప్లాస్మాన్లు ఎక్కడివి? టెన్షన్‌గా ఉంది.
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: మీ అనుమానం సరైనదేనమ్మా. ప్లాస్మాన్ అంటే లోహపు ఉపరితలాన్ని అంటుకుని, దాని ఎలక్ట్రాన్లతో కలిసి ఊగుతూ నడిచే తరంగం. 1 టెరాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 0.3 మిల్లీమీటరు. అంత నెమ్మదిగా ఊగే క్షేత్రాన్ని బంగారంలోని ఎలక్ట్రాన్లు దాదాపు లోపలికి రానివ్వవు. లోపలికి దిగని తరంగం ఉపరితలాన్ని గట్టిగా పట్టుకోలేదు. నున్నటి రేకు మీద అది గాలిలోకి సెంటీమీటర్ల ఎత్తున పరుచుకుంటుంది.

అయితే ఆ రేకుకు రంధ్రాలు పొడిస్తే? 2004లో భౌతిక శాస్త్రవేత్తలు పెండ్రీ, మార్టిన్-మొరెనో, గార్సియా-విదాల్ లెక్కకట్టి చూపించింది ఇదే. రంధ్రాలున్న ఆదర్శ వాహకం (క్షేత్రాన్ని అసలు లోపలికి రానివ్వని ఊహా లోహం) మీద కూడా తరంగం ప్లాస్మాన్‌లాగే అంటుకుని నడుస్తుంది. వీటినే స్పూఫ్ (నకిలీ) ప్లాస్మాన్లు అంటున్నాం. ఏ పౌనఃపున్యం దగ్గర అంటుకోవాలో ఇక బంగారం కాదు, మీరు చెక్కే కొలతలు చెబుతాయి. నాకు ఈ రంగం మీద ప్రేమ పుట్టింది ఇక్కడే. చెక్కడం వద్దనుకుంటే ఇండియం యాంటిమొనైడ్ అనే అర్ధవాహకం ఉంది. దాని ప్లాస్మా పౌనఃపున్యం (ఇంతకన్నా నెమ్మదిగా ఊగే తరంగాలను ఎలక్ట్రాన్లు లోపలికి రానివ్వవు) గది ఉష్ణోగ్రత దగ్గరే టెరాహెర్ట్జ్‌లో ఉంటుంది, వేడి చేస్తే మారుతుంది.

ఇంకో లాభం కొలతలో. తరంగాన్ని కాలంతో పాటు కొలిచే టైమ్-డొమైన్ పద్ధతిలో తీవ్రత ఒక్కటే కాదు, విద్యుత్ క్షేత్రమే క్షణక్షణం గ్రాఫ్‌గా వస్తుంది. కాంతి దారి పొడవును మార్చే డిలే స్టేజ్ అద్దం 0.15 మిల్లీమీటరు జరిగితే, కాంతి వెళ్లి రావాలి కాబట్టి, ఒక పికోసెకను (సెకనులో లక్ష కోట్లవ వంతు) తేడా. తరంగం ఉపరితలం మీద ఎంత ఆలస్యమైందో నేరుగా చదువుకోవచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. నా మొదటి రేకులో రంధ్రాల మధ్య దూరం అర మిల్లీమీటరు. 0.6 టెరాహెర్ట్జ్‌కు కాస్త కింద, రేకు దాటి వచ్చే తరంగపు గ్రాఫ్‌లో ఒక శిఖరం రావాలి. రెండు వచ్చాయి! కొత్త మోడ్ (తరంగం నడిచే తీరు) దొరికిందని వారం రోజులు లెక్కలు వేశాను. చివరికి తేలింది, 0.557 టెరాహెర్ట్జ్ దగ్గర తరంగాన్ని పీల్చుకునే గాలిలోని నీటి ఆవిరి, ఆ ఒక్క శిఖరాన్నే రెండుగా చీల్చింది. పోల్చడానికి రేకు లేకుండా తీసే రిఫరెన్స్‌ను పొద్దున తీసి, రేకును సాయంత్రం పెట్టాను. ఆలోపు తేమ మారిపోయింది. ఆ రోజు ఏడుపొచ్చింది.

కాబట్టి ముందు పరికరం ఉన్న పెట్టెలోకి పొడి నైట్రోజన్ వదిలి, ఖాళీగా ఒక స్కాన్ తీయండి. 0.557, 0.752, 1.097 టెరాహెర్ట్జ్‌ల దగ్గర నీటి ఆవిరి గుంటలు పోయాయో లేదో చూసి, అప్పుడు రేకు పెట్టండి. రేకు తీశాక మళ్లీ ఒక ఖాళీ స్కాన్.