ఏడుపు నిజమే, కోర్టే అబద్ధం

ప్రశ్న: ఇంగ్లీషు సీరియల్ బ్రాడ్‌చర్చ్ రెండో సీజన్ చూస్తున్నానండీ. యాక్టింగ్ అదిరిపోయింది గానీ కోర్టు సీన్లు అస్సలు నమ్మబుద్ధి కావట్లేదు. మా ఆయనేమో ఇంగ్లండ్‌లో అంతేనేమోలే అంటున్నారు. నిజంగా అంతేనా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అక్కడా అలా ఉండదండీ. 2015లో అది టీవీలో వస్తున్నప్పుడే అక్కడి లాయర్లు తలలు పట్టుకున్నారు. సాక్షి తన వంతు వచ్చేదాకా బయటే ఉండాలి, మన దగ్గర బంట్రోతు పేరు పిలిచేదాకా వరండాలో పడిగాపులు కాస్తారు చూడండి, అట్లా. ఇందులో మాత్రం సాక్ష్యం చెప్పాల్సిన వాళ్ళంతా ముందే గ్యాలరీలో కూర్చుని అన్నీ వినేస్తుంటారు. ఎందుకలా రాశారంటే, నాకనిపించేది, డిటెక్టివ్ ఎలీగా వేసిన ఒలీవియా కోల్మన్ మొహం కెమెరాకి కావాలి, ఆవిణ్ణి వరండాలో కూర్చోబెడితే ఇంక సీనేముంది! ఆ అబద్ధం నేను క్షమించేస్తా.

ఒప్పుకోలు సంగతే మింగుడు పడదు (మొదటి సీజన్ చూడనివాళ్ళు ఈ పేరా వదిలేయండి). భర్తే హంతకుడని తెలిసి ఎలీ కుప్పకూలే సీన్ ఉంది కదా, ఆ సీజన్‌కే కోల్మన్‌కి 2014లో బాఫ్టా అనే బ్రిటిష్ అవార్డు వచ్చింది, తర్వాత ఆవిడ వాణ్ణి పట్టుకుని తంతుంది. కానీ వాడు అప్పటికే ఎలీతో కలిసి కేసు చూసే డిటెక్టివ్ హార్డీ దగ్గర ఒప్పేసుకున్నాడు! రెండో సీజన్లో వాడి లాయర్లు ఆ దెబ్బల్ని సాకుగా చూపించి, ఒప్పుకోలు చెల్లదని జడ్జి చేత అనిపించేస్తారు. మన దగ్గర పోలీసుల ముందు ఒప్పుకున్నది ఎలాగూ చెల్లదు కాబట్టి మనకంత వింతగా అనిపించదు, ఇంగ్లండ్‌లో చెల్లుతుంది, బలవంతంగా చెప్పించలేదని ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేకపోతే 1984 నాటి చట్టం ప్రకారం పక్కన పెడతారు. అక్కడ పోలీస్ ఇంటర్వ్యూలు రికార్డ్ చేస్తారు, ఒప్పుకోలు ముందా తన్నులు ముందా తేల్చడం అంత కష్టమా? మొదటి సీజన్లో మనల్ని ఏడిపించిన సీన్‌నే తీసుకెళ్ళి కథ సాగదీయడానికి వాడేశారు, నా కోపం అక్కడ.

అయినా షార్లెట్ రాంప్లింగ్, మరియాన్ జాన్-బాప్టిస్ట్ లాయర్ల గౌన్లలో ఎదురెదురుగా నిలబడితే తప్పు సెక్షన్ చెప్పినా తలూపేస్తాం, నేనైతే ఊపాను. 2017లో వచ్చిన మూడో సీజన్లో ఈ కోర్టు గోల లేదు, అది చూడండి. మీ ఆయనతో పందెం గానీ కట్టుంటే డబ్బులు వసూలు చేసుకోండి.