మొక్కే ముందు ఒక్క రాత్రి ఆగు

చిరంజీవి రవికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. అమ్మ ఆపరేషన్ బాగా జరిగితే జీవితాంతం వారానికో రోజు మంచినీళ్లు కూడా ముట్టనని, తను కోలుకోగానే నడిపించుకుంటూ క్షేత్రానికి తీసుకెళ్తానని మొక్కుకుందామనుకుంటున్నావు. ఇంకా మొక్కలేదుగా? అయితే ఇది పూర్తిగా చదివాకే ఏదైనా చెయ్యి.

మొక్కు తప్పని నేననను. కానీ భయపడ్డ మనిషి నోటికి హద్దుండదు. ఎంత పెద్ద మాట అంటే అంత ప్రేమ ఉన్నట్టు అనిపిస్తుంది ఆ గంటలో. తీర్చాల్సింది మాత్రం భయం పోయాక, ఆఫీసు పని మీద పడే మామూలు రోజుల్లో. చాలాసార్లు తీర్చేది మొక్కినవాళ్లు కూడా కాదు, ఇంట్లో వేరేవాళ్లు.

హరిశ్చంద్రుడంటే మనకి సత్యం, కాటికాపరితనం గుర్తొస్తాయి. ఐతరేయ బ్రాహ్మణం అనే వైదిక గ్రంథంలో ఆయనది వేరే కథ ఉంది. పిల్లల్లేక బాధపడుతుంటే నారదుడు వరుణుణ్ణి వేడుకోమన్నాడు. కొడుకు పుడితే ఆ కొడుకునే నీకు బలిస్తానని రాజు మొక్కాడు. రోహితుడు పుట్టాడు. వరుణుడు అడిగాడు. పది రోజులు నిండనీ అన్నాడు తండ్రి. తర్వాత పళ్లు రానీ అన్నాడు, ఆ పళ్లు ఊడనీ అన్నాడు, మళ్లీ రానీ అన్నాడు, చివరికి ఆయుధం పట్టే వయసు రానీ అన్నాడు. ఆ వాయిదాలు చదువుతుంటే నాకు కోపం రాదు, జాలేస్తుంది. మొక్కిన రోజున కొడుకంటే ఒక కోరిక. పుట్టాక వాడికి ఒక ముఖం ఉంది. విషయం తెలిసిన రోహితుడు ఒప్పుకోక విల్లు పట్టుకుని అడవికి పోయాడు. మొక్కు తీరలేదని వరుణుడు పట్టి, తండ్రికి జలోదరం, అంటే పొట్ట నీరుపట్టి ఉబ్బే జబ్బు, వచ్చింది. చివరికి నూరు ఆవులిచ్చి ఆకలితో ఉన్న ఒక కుటుంబం నుంచి శునశ్శేపుడనే పిల్లవాణ్ణి కొన్నారు, రోహితుడి బదులు బలివ్వడానికి. దేవతలు కరుణించి విడిపించారు కాబట్టి ఆ పిల్లవాడు బతికాడు. ఎవరో మొక్కిన మొక్కు, సంబంధం లేని వాడి మెడకి చుట్టుకుంది చూడు.

బైబిల్లో యెఫ్తా అనే ఇశ్రాయేలు సేనాని కథా అంతే. యుద్ధంలో గెలిస్తే, తిరిగొచ్చేటప్పుడు తన ఇంటి గుమ్మంలోంచి ఎదురొచ్చేదాన్ని దహనబలిగా ఇస్తానన్నాడు. ఒక్కగానొక్క కూతురు నాట్యం చేస్తూ ఎదురొచ్చింది. నేను ఆగిపోయేది ఇంకో చోట. అతను ఆ మాట అనకముందే దేవుని ఆత్మ అతని మీదికి వచ్చిందని అదే అధ్యాయంలో ఉంది. అడగకుండానే తోడు దొరికినవాడు బేరం దేనికి పెట్టాడు?

నీ మొక్కులో నాకు ముందు నచ్చనిది అమ్మని నడిపించడం. ఆపరేషన్ అయిన మనిషి కాళ్లు నువ్వెలా మొక్కుతావు? కేథలిక్ చర్చి చట్టంలో, 1983 నాటి సంపుటిలో, మొక్కు మొక్కుకున్న మనిషిని మాత్రమే కట్టిపడేస్తుందని స్పష్టంగా ఉంది. ముహమ్మద్ ప్రవక్త మాటలు, చేతలు చెప్పే హదీసుల్లో ఒక ముసలాయన సంగతి ఉంది. కాబాకి నడిచే వెళ్తానని మొక్కుకుని, ఇద్దరు కొడుకుల భుజాల మీద వాలి ఈడ్చుకుంటూ వెళ్తున్నాడు. ఈయన తన్ను తాను హింసించుకోవడం దేవుడికి అక్కర్లేదని, వాహనం ఎక్కమని ప్రవక్త చెప్పారు.

ఇంకో మాట, రాయడానికే మనసొప్పడం లేదు. అనుకున్నట్టు జరగకపోతే? ‘నేను తక్కువ మొక్కానేమో’ అని ఏళ్ల తరబడి కుమిలినవాళ్లు నాకు తెలుసు. అంతా బాగైనా టెన్షన్ తప్పదు. ఒక వారం ఉపవాసం తప్పితే, ఆ నెలలో ఎవరికి జ్వరమొచ్చినా నీ వల్లేనని మనసు పీకుతుంది. అమ్మ ఆరోగ్యాన్ని తాకట్టు వస్తువులా ఆ మాట కింద పెట్టకు.

అందుకని ఇవాళ ఊరికే అడుగు. షరతు లేకుండా, ‘అమ్మని కాపాడు’ అని. ఏడుపొస్తే ఏడువు. మొక్కకుండా ఉండలేకపోతే ఒక రాత్రి నిద్రపోయి లేచి, అప్పుడూ అదే అనిపిస్తే కాగితం మీద రాయి. నీ ఒంటితో, నీ చేతిలో ఉన్న డబ్బుతో అయ్యేదే రాయి, అప్పు చేసి ఇచ్చేది వద్దు. ఎప్పటికి పూర్తవుతుందో కూడా రాయి. ‘జీవితాంతం’ అనేది వద్దే వద్దు. నువ్వు షుగర్ మాత్రలు వేసుకుంటున్నావు, నీళ్లు మానడం డాక్టర్ని అడక్కుండా అసలు కుదరదు.

ఒకవేళ ఈపాటికే నోరు జారి ఉంటే దాచుకుని భయపడకు. మీ గుళ్లో నమ్మకమైన పెద్దాయన్ని కలిసి ఉన్నదున్నట్టు చెప్పు. దాదాపు ప్రతి సంప్రదాయంలోనూ దీనికి దారి ఉంది. ఇస్లాంలో ప్రమాణం తప్పితే పదిమంది పేదలకు భోజనమో బట్టలో ఇవ్వాలి, అది చేతకాకపోతే మూడు రోజులు ఉపవాసం. కేథలిక్కులు మొక్కుని అంతకు సమానమైన ఇంకో మంచి పనిగా మార్చుకోవచ్చు. నువ్వొక్కడివే చిక్కుకోలేదు, వందల ఏళ్లుగా జనం చిక్కుకుంటూనే ఉన్నారు కాబట్టే ఈ నియమాలన్నీ పుట్టాయి.

ఆపరేషన్ రోజు పొద్దున్నే నేను ఆసుపత్రికి వస్తాను. రాత్రి అమ్మ దగ్గర ఎవరుంటారో నువ్వూ చెల్లీ తేల్చుకుని నాకు ఫోన్ చెయ్యండి.

పెద్దమ్మ