క్యాన్సర్ పేషెంట్ ఉన్న ఇంటికి సరైన సమాచారం, తోడు ఎక్కడ దొరుకుతాయి?

నన్నడిగితే కీమో వార్డు బయట బెంచీ మీద దొరుకుతాయి. ఫోన్‌లో కాదు, చుట్టాల దగ్గరైతే అసలే కాదు.

మాది నల్లగొండ జిల్లా, హాలియా దగ్గర పల్లె. అమ్మకు రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పుడు ఇంట్లో నాలుగక్షరాలు చదివింది నేనే కాబట్టి ఫైలు నా చంకలోకి వచ్చింది. రాత్రిళ్లు వీడియోలు చూస్తే సగం భయపెట్టేవి, సగం పొడులు అమ్మేవి. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ అనగానే కౌంటర్లో ఆమె ముఖం తిప్పుకుంది. చివరికి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జేకు పోయినం. 1955 నుంచి ఉన్న సర్కారు క్యాన్సర్ దవాఖాన అది. దేవరకొండ, కల్వకుర్తి, మక్తల్, ఆలంపూర్, మన దిక్కు ఊర్లన్నీ అక్కడి లైన్లో కనబడతాయి.

అక్కడే కలిసింది అచ్చంపేట దిక్కు అక్క. భర్తకు నోటి క్యాన్సర్, గుట్కా పుణ్యం. అప్పటికే కీమోలో మాకంటే చాలా ముందున్నరు. మా అమ్మకేమో నోరంతా పూసింది. నల్లగొండ కదా, చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ బత్తాయిలే సంచులతో మోసుకొచ్చేవాళ్లు. ఆ రోజు మా మేనత్త సీసాలో బత్తాయి రసం పోసుకొచ్చి "తాగు వదినా, బలమొస్తది" అని ఒకటే పోరు. అమ్మ ఒక్క గుక్క మింగి కళ్లనీళ్లు పెట్టుకుంది. పక్కనున్న అక్క లేచొచ్చి ఆ సీసా అందుకుని, మా మేనత్త చూస్తుండగానే గటగటా తాగేసింది.

"పులుపు తగిలితే మండుతది అత్తమ్మా. గ్లాసెడు గోరువెచ్చటి నీళ్లల్ల చిటికెడు ఉప్పు, చిటికెడు వంటసోడా ఏసి పుక్కిలించు, మింగకు. కారం బంద్. జావ సల్లగైనంక తాగు."

తర్వాత నా దిక్కు తిరిగింది. "తమ్మీ, ఇంట్ల థర్మామీటర్ పెట్టుకో. 100.4 చూపిస్తే అర్ధరాత్రైనా సరే దవాఖానకే. ఊర్ల సూది ఏపిచ్చుకొని పండేరు."

డాక్టరమ్మను అడిగితే అక్షరం పొల్లుపోకుండా అదే చెప్పింది. కీమో తర్వాత తెల్లకణాలు పడిపోతాయట, చిన్న ఇన్ఫెక్షన్ కూడా గంటల్లో ప్రాణం మీదికి తెస్తుందట. అందుకే అంటున్నా, మీకంటే రెండు కీమోలు ముందున్న మనిషిని పట్టుకోండి. విన్నది డాక్టర్‌తో ఒకసారి సరిచూసుకోండి. అంతకు మించిన సమాచార కేంద్రం నేను చూడలేదు.

చుట్టాల సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. చక్కెర మానేస్తే గడ్డ కరుగుతుందని ఒకాయన. మన నీళ్లలో ఫ్లోరైడ్ వల్లే వచ్చిందని తీర్పు చెప్పిన పెద్దమనిషి ఇంకొకాయన. ఫ్లోరైడ్ పళ్లను, ఎముకలను పాడు చేస్తుంది నాయనా, ఊర్లో ప్రతి రోగాన్నీ దాని ఖాతాలో రాస్తే ఎట్లా? అంటుకుంటదేమోనని గ్లాసు వేరే పెట్టినోళ్లు కూడా ఉన్నరు. క్యాన్సర్ అంటుకునే రోగం కాదని టెన్త్ పాసైన పిల్లలు చెప్పినా వినరు. వీళ్లు రావడం మానేస్తే అదే పెద్ద సాయం.

డబ్బుల విషయం. ఏ ఆసుపత్రికి పోయినా ముందు ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర కూర్చునే డెస్క్ ఎక్కడో వెతకండి, డాక్టర్ గది తర్వాత. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. దానికి రాని ఖర్చుకు ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా సీఎం రిలీఫ్ ఫండ్‌కు పెట్టుకోవచ్చు; సర్కారు దవాఖానలో చికిత్సకు ముందే ఎల్ఓసీ, అంటే ఖర్చు సర్కారు కడుతుందని దవాఖానకు ఇచ్చే లెటర్, అడగండి. బిల్లుల ఒరిజినల్స్ జాగ్రత్తగా దాచండి, ఎక్కడైనా ఇచ్చే ముందు జిరాక్స్ తీసి పెట్టుకోండి. ఆడవాళ్లైతే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఎట్లాగూ ఫ్రీ. గద్వాల, మహబూబ్‌నగర్ నుంచి రైల్లో వచ్చేవాళ్లు ఆసుపత్రి నుంచి రాయితీ సర్టిఫికెట్ రాయించుకోండి. చికిత్సకు పోయే పేషెంట్‌కు స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్ ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వచ్చేవాళ్లకు 75 శాతం తగ్గింపు. దీని గురించి చాలామందికి తెలియదు, అడిగితేనే ఇస్తారు.

నొప్పి ఉంటే ఓర్చుకోమనే మాట వినకండి. పాలియేటివ్ కేర్, అంటే నొప్పి, బాధ తగ్గించే వైద్యం, ఎక్కడుందో అడగండి, అది చికిత్స నడుస్తుండగా కూడా ఇస్తారు. మార్ఫిన్ రాస్తే "ఇక అయిపోయింది" అని ఇంట్లో ఏడుపులు మొదలుపెడతారు. అది నొప్పికి మందు, అంతే. దాంతో మలబద్ధకం మాత్రం దాదాపు ఖాయం, దానికీ మందు అదే చీటీలో రాయించుకోండి.