‘స్థిరత్వ నియంత్రణ’ అంటే స్థిరత్వాన్ని తగ్గించడమా?

సందేహం: మా అబ్బాయికి, కోడలికి ఊళ్లో సన్మానం చేస్తున్నారు. అబ్బాయి పరిశోధనాంశాన్ని ‘యాదృచ్ఛిక మార్పిడి వ్యవస్థల స్థిరత్వ నియంత్రణ’ అనీ, కోడలు బోధించే విషయాన్ని ‘సంస్కృతుల అంతటా యాజమాన్య విద్య’ అనీ సన్మానపత్రంలో రాశాం. సరిగ్గా ఉన్నాయా?

సమాధానం: మొదటిదాంట్లో అర్థం తలకిందులయ్యే ప్రమాదం ఉంది. కాలుష్య నియంత్రణ, జనాభా నియంత్రణ, ధరల నియంత్రణ: వీటన్నిటా నియంత్రణకు ముందున్నది మనం అదుపు చేయదలచినది. ఆ వరసలో చదివితే ‘స్థిరత్వ నియంత్రణ’ స్థిరత్వాన్ని కట్టడి చేయడం అవుతుంది. మీ అబ్బాయి చేస్తున్నది స్థిరత్వం కోసం నియంత్రణ. వ్యాకరణం దీనికి అడ్డు చెప్పదు. వంట కోసం చెరకు ‘వంటచెరకు’ అయినట్టే ఇదీ చతుర్థీ తత్పురుష. కానీ విగ్రహవాక్యం చెప్పడానికి చదివేవాళ్ల పక్కన మనం ఉండం కదా!

‘మార్పిడి’ కూడా ఇక్కడ అతకదు. అది ‘మార్చు’కు చెందిన మాట. కిడ్నీ మార్పిడి, నోట్ల మార్పిడి ఎవరో ఒకరు పనిగట్టుకుని చేసేవి. ఈ వ్యవస్థలు వాటంతట అవే మారతాయి. దూరం నుంచి నడిపే డ్రోన్‌కు సిగ్నల్ ఒక క్షణం అందుతుంది, మరుక్షణం అందదు. ఎప్పుడు ఏది జరుగుతుందో తెలియదు, సంభావ్యత మాత్రమే తెలుస్తుంది. ఏ స్థితికి ఆ స్థితి విడిగా స్థిరమే అయినా, వాటి మధ్య మారుతూ ఉండటం వల్లనే మొత్తం అదుపు తప్పవచ్చు. చిక్కంతా మారడంలో ఉన్నప్పుడు ఆ క్రియను దాచడమెందుకు? ‘యాదృచ్ఛికంగా మారే వ్యవస్థలను స్థిరంగా ఉంచే నియంత్రణ’ అనండి. పొడుగైతే అయింది. (ఇలాంటి మార్పుల గణితానికి ఆద్యుడైన రష్యా శాస్త్రవేత్త మార్కోవ్, 1913లో పుష్కిన్ కావ్యం నుంచి 20,000 అక్షరాలు తీసుకుని, అచ్చులూ హల్లులూ ఒకదాని వెంట ఒకటి వచ్చే తీరును లెక్కగట్టారు. కాబట్టి ఇందులో భాషవాళ్లకూ కాస్త వాటా ఉంది.)

‘యాజమాన్యం’ అనగానే మనకు కళాశాల యజమానులు, వాళ్ల కోటా సీట్లు గుర్తొస్తాయి. మేనేజర్ యజమాని కానక్కర్లేదు. ‘నిర్వహణ విద్య’ నయం. ‘విపత్తు నిర్వహణ’ విన్నప్పుడు మాత్రం విపత్తును దగ్గరుండి జరిపిస్తున్నారా అనిపిస్తుంది, అది వేరే సంగతి.

‘అంతటా’ అంటే ఊరంతటా, దేశమంతటా వ్యాపించడం. మీ కోడలి విషయం అది కాదనుకుంటాను. 1961లో మొదలైన కలకత్తా, అహ్మదాబాద్ ఐఐఎంలకు (మేనేజ్‌మెంట్ విద్యాసంస్థలకు) అమెరికాలోని ఎంఐటీ, హార్వర్డ్ తోడ్పడ్డాయి. క్లాసులో వాదించినవాళ్లకు మార్కులు వేసే హార్వర్డ్ పద్ధతి, గురువుకు ఎదురు చెప్పకూడదని విని పెరిగిన పిల్లల దగ్గరికి వస్తే ఏమవుతుంది? ఇలాంటి ప్రశ్నలే ఆ పాఠాల్లో ఉంటాయి. అందుకని ‘భిన్న సంస్కృతుల మధ్య నిర్వహణ విద్య’ అని రాయండి. ఊళ్లోవాళ్లకు అర్థం కాదని టెన్షన్ ఉంటే ‘మేనేజ్‌మెంట్ విద్య’ అన్నా నాకు అభ్యంతరం లేదు.