బొప్పాయి, చక్కెరకేళి తింటే నెలసరి ముందు బాధలు తగ్గుతాయా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. రావులపాలెం దగ్గర మా ఊరు. నెలసరికి వారం ముందు నుంచీ కడుపు ఉబ్బరం, రొమ్ముల్లో సలుపు, పిల్లల మీద ఊరికే కోపం, ఆనక ఏడుపు. రోజూ బొప్పాయి, చక్కెరకేళి తింటే సర్దుకుంటుందని మా అత్తయ్యగారు అంటున్నారు. బొప్పాయి వేడి, వద్దని అమ్మ అంటోంది. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఒక్క మాటమ్మా. ఆ కోపం మీ స్వభావం కాదు. అండం విడుదలయ్యాక హార్మోన్లలో వచ్చే మార్పులకు కొందరి మెదడు ఎక్కువగా స్పందిస్తుంది. పిల్లల్ని కసిరి, తర్వాత మీలో మీరే కుమిలిపోకండి.

పండిన బొప్పాయి నిక్షేపంగా తినండి. మలబద్ధకం ఉంటే అది తగ్గి కడుపు కాస్త తేలికపడుతుంది. అంతకుమించి ఈ బాధలకు అది పనిచేస్తుందనడానికి ఆధారం లేదు. అమ్మ భయం కూడా ఊరికే పుట్టలేదు. పచ్చికాయ పాలను ఎలుకల గర్భసంచి మీద పరీక్షిస్తే కండరం ముడుచుకుంది. పండుతో అలా జరగలేదు. కాబట్టి గర్భం కోసం చూస్తున్నవాళ్లు పచ్చి బొప్పాయి కూర మానేస్తే చాలు.

అరటిపండు సంగతికొస్తే, అందులో బి6 విటమిన్ ఉన్నమాట నిజమే. బి6తో కొందరికి ఉపశమనం ఉండొచ్చని 1999లో వచ్చిన ఒక సమీక్ష చెప్పింది. ఆ పరీక్షల్లో వాడిన మోతాదు మాత్రం రోజుకు 50 మిల్లీగ్రాములు, అంతకు మించి. ఒక పండులో ఉండేది దాదాపు 0.4. అంటే 50 మిల్లీగ్రాములకే నూట పాతిక పళ్లు కావాలి! అలాగని షాపులో బి6 మాత్రలు కొనుక్కుని నెలల తరబడి మింగకండి. ఎక్కువ మోతాదు నరాలను దెబ్బతీసి కాళ్లు తిమ్మిర్లెక్కిస్తుంది.

మన వావిలికి దగ్గర చుట్టం ఒకటి మధ్యధరా తీరంలో పెరుగుతుంది. దాని ఎండు కాయల సారాన్ని 170 మంది మహిళలపై మూడు నెలసరులపాటు పరీక్షించి 2001లో ఫలితాలు ప్రకటించారు. సారం తీసుకున్నవారిలో 52 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 24 శాతం మందికి బాధలు సగానికి సగం తగ్గాయి. పండ్లూ కాయల వైద్యాల్లో నాకు గట్టిగా కనిపించే ఆధారం ఇదే. అయితే బాలింత స్నానానికి వాడే మన వావిలాకు అది కాదు. దాన్ని కషాయం కాచి తాగొద్దు. ఆ విదేశీ మందునైనా గర్భిణులు, హార్మోన్ మాత్రలు వాడేవారు తీసుకోకూడదు.

నన్నడిగితే మీరు మొదలుపెట్టాల్సింది కాల్షియంతో. 1998లో అమెరికాలో నాలుగు వందల మందికి పైగా మహిళలపై జరిగిన పరీక్షలో, రోజుకు 1200 మిల్లీగ్రాములు తీసుకున్నవారికి మూడో నెలకు బాధలు 48 శాతం తగ్గాయి. ఉత్తుత్తి మాత్రతో 30 శాతం తగ్గాయి. అరటిలో, బొప్పాయిలో కాల్షియం బాగా తక్కువ. అదే గ్లాసు పాలలో 240 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పెరుగు, రాగి జావ, నువ్వుండలు, ముల్లుతో సహా నమిలే చిన్న చేపలు మన ఇళ్లలో ఉన్నవే. మాత్ర అవసరమో కాదో డాక్టర్ చెబుతారు. కిడ్నీలో రాళ్లుంటే ముందే చెప్పండి. ఐరన్, థైరాయిడ్ మాత్రలతో కలిపి మాత్రం వేసుకోవద్దు.

ఈలోగా గోడ క్యాలెండర్‌లో రెండు నెలలు గుర్తులు పెట్టండి: ఉబ్బరానికి చుక్క, ఏడుపొచ్చిన రోజుకు గీత, నెలసరి రోజుకు సున్నా. గుర్తులన్నీ సున్నాకు ముందు వారం, రెండు వారాల్లోనే పడి తర్వాత ఆగిపోతే ఇది నెలసరి ముందు సమస్యే. నెలంతా పరుచుకుంటే రక్తహీనత, థైరాయిడ్, డిప్రెషన్ కోసం చూడాలి.

చచ్చిపోవాలనిపించినా, పిల్లల్ని కొట్టేస్తానేమోనని భయమేసినా రెండు నెలలు ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయండి, ఆ వారంలోనే డాక్టర్‌ను కలవండి. దీనికి బాగా పనిచేసే మందులున్నాయి. కొందరికి నెలలో ఆ రెండు వారాలు వాడితే సరిపోతుంది. వచ్చేటప్పుడు ఆ క్యాలెండర్ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకోండి, అత్తయ్యగారినీ వెంట తీసుకురండి.