పాత సిస్టమ్‌కి కొత్త డిస్క్: కార్డు కొనేముందు స్లాట్ చూడండి

ప్రశ్న: నా డెస్క్‌టాప్ కొని పదిహేనేళ్ళు దాటింది, బోర్డు మీదున్న సాటా పోర్టులన్నీ (డిస్క్ కేబుల్ పెట్టేవి) 3 గిగాబిట్‌వే. ఎస్ఎస్‌డీ (తిరిగే ప్లేటు లేకుండా చిప్‌ల మీద నడిచే డిస్క్) వేద్దామంటే, 6 గిగాబిట్ కంట్రోలర్ కార్డు (అదనపు సాటా పోర్టులిచ్చేది) కూడా పెట్టకపోతే డబ్బు దండగ అని మా ఫ్రెండ్ అంటున్నాడు. ఒక పీసీఐ స్లాటూ, ఒక చిన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటూ ఖాళీగా ఉన్నాయి. కొనమంటారా?

జవాబు: వద్దండీ, ముందు ఎస్ఎస్‌డీని బోర్డు మీద పోర్టుకే పెట్టి చూడండి. 3 గిగాబిట్ పోర్టు అంటే సెకనుకి 300 ఎంబీ లోపు వస్తుంది, ఎస్ఎస్‌డీ 550 దాకా ఇవ్వగలదు కాబట్టి మీ ఫ్రెండ్ చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది, కానీ ఆ తేడా పెద్ద పెద్ద ఫైళ్ళు కాపీ చేసేటప్పుడే కనబడుతుంది. సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు జరిగేది వేరు, అప్పుడు డిస్క్ వేలకొద్దీ చిన్న చిన్న ముక్కల్ని ఎక్కడెక్కడినుంచో వెతికి తేవాలి. 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్‌లో ప్లేటు ఒక్క చుట్టు తిరగడానికే 8.3 మిల్లీసెకన్లు, హెడ్ అక్కడికి జరగడం కూడా కలిపితే ఒక్కో ముక్కకీ సగటున 12, 13 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే సెకనుకి 80 ముక్కలు, ముక్కకి 4 కేబీ వేసుకున్నా అర ఎంబీ కూడా రాలేదు చూశారా! 300 ఎంబీ పట్టే పోర్టుని పట్టుకుని చాలదంటున్నాం, అసలు అడ్డం పడుతున్నది ఆ తిరిగే ప్లేటు. ఎస్ఎస్‌డీకి అదే ముక్క తేవడానికి మిల్లీసెకన్‌లో పదో వంతో, ఇంకా తక్కువో చాలు. అందుకే పాత పోర్టు మీదైనా సిస్టమ్‌కి ప్రాణం లేచొస్తుంది.

ఇక కార్డు సంగతి. మామూలు పీసీఐ స్లాట్ మొత్తానికి సెకనుకి 133 ఎంబీ, అదీ ఆ బస్ మీదున్న కార్డులన్నీ పంచుకోవాలి, కాబట్టి దాన్ని మర్చిపోండి. చిన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ మొదటి తరానిదైతే 250 ఎంబీ, రెండో తరానిదైతే 500, చేతికొచ్చేది అంతకంటే తక్కువే. డబ్బా మీద 6 గిగాబిట్ అని వేస్తారు, అది డిస్క్‌కీ కార్డుకీ మధ్య స్పీడ్, కార్డు నుంచి బోర్డుకి వెళ్ళే దారి గురించి అక్కడ ఏమీ ఉండదు. మీ స్లాట్ మొదటి తరానిదైతే కొత్త కార్డు మీద ఎస్ఎస్‌డీ, పాత పోర్టు మీదకంటే నెమ్మదిగా నడుస్తుంది! బోర్డు మాన్యువల్‌లో స్లాట్ ఏ తరమో ఉంటుంది, అది చూడకుండా కార్డు కొనొద్దు. ఇంకోటి, విండోస్ వేసేముందే బయోస్‌లో (సిస్టమ్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) సాటా మోడ్‌ని ఐడీఈ అనే పాత పద్ధతి నుంచి ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతికి మార్చుకోండి, వేశాక ఊరికే మార్చేస్తే బ్లూ స్క్రీన్ వచ్చే అవకాశం ఉంది.

ప్రశ్న: 4 టీబీ డిస్క్ పెట్టాను, 2 టీబీ మాత్రమే వాడుకోనిస్తోంది, మిగతాది ఖాళీ అని చూపిస్తుంది గానీ పార్టిషన్ చెయ్యనివ్వట్లేదు. దీనికైనా కార్డు కావాలా?

జవాబు: మీకూ అక్కర్లేదు, డిస్క్ ఎంబీఆర్ పద్ధతిలో (పార్టిషన్ల పట్టిక రాసుకునే పాత పద్ధతి) ఉంది, అంతే. అందులో సెక్టార్ (డిస్క్ మీద ఒక్కో చిన్న గడి) నంబర్ 32 బిట్లు దాటదు, సెక్టార్‌కి 512 బైట్ల లెక్కన 2 టీబీ దగ్గర ఆగిపోతుంది. డేటా ఇంకోచోటికి కాపీ చేసుకుని, పార్టిషన్లు తీసేసి జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చండి. విండోస్ విస్టా నుంచి ఇది నడుస్తుంది, 32 బిట్ ఎక్స్‌పీలో నడవదు. కాకపోతే జీపీటీ డిస్క్ నుంచి విండోస్ బూట్ అవ్వాలంటే యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్తది) ఉండాలి, పాత బయోస్‌తో కుదరదు, కాబట్టి విండోస్ చిన్న ఎస్ఎస్‌డీ మీద, పెద్ద డిస్క్ డేటాకి. ఇలాంటిదే ఇంకోటుంది, 3 టీబీ డిస్క్ 746 జీబీగా కనబడితే మాత్రం అది కంట్రోలర్ డ్రైవరో, డిస్క్ పెట్టిన యూఎస్‌బీ డబ్బానో పాతది కావడం, అది సరిచేసేదాకా దానిమీద ఒక్క ఫైల్ కూడా రాయొద్దు దయచేసి.

ప్రశ్న: పాత సిస్టమ్‌ని ఫొటోల స్టోరేజ్‌కి వాడదామని ఇంకో నాలుగు డిస్క్‌లు పెడుతున్నాను. రెయిడ్ కార్డు (డిస్క్‌లన్నిటినీ కలిపి ఒకటిగా నడిపేది) తీసుకోనా?

జవాబు: పోర్టులే చాలనప్పుడు కార్డు కొనడం న్యాయమే, కానీ డిస్క్‌లని ఉన్నవున్నట్టు చూపించే మామూలు సాటా కార్డు తీసుకోండి. రెయిడ్ కార్డు చచ్చిపోతే ఆ డిస్క్‌లని వేరే కంపెనీ కార్డు చదవకపోవచ్చు, డిస్క్‌లన్నీ బాగానే ఉండి కూడా ఫొటోలు కనబడవు. రెయిడ్ కావాలంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే పెట్టుకోండి, అదీ బ్యాకప్ కిందకి రాదు. డిస్క్‌లు కొనేటప్పుడు సీఎంఆర్‌వేనా (ట్రాకులు విడివిడిగా రాసేవి) అని చూస్కోండి, ఎస్ఎంఆర్ డిస్క్‌లు (ట్రాకులు ఒకదానిమీద ఒకటి కొంచెం ఎక్కేలా రాసేవి), పోయిన డిస్క్ బదులు కొత్తది పెట్టి రెయిడ్ తిరిగి కట్టేటప్పుడు బాగా నత్తనడక నడుస్తాయి.

పవర్ మాత్రం అశ్రద్ధ చెయ్యకండి. ఒక్కో డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్ట్ల మీద 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, నాలుగూ ఒకేసారి అంటే పాత ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) తట్టుకోవాలి. మోలెక్స్ (పాత నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్) నుంచి సాటాకి మార్చే కేబుల్స్‌లో వైర్ల మీద ప్లాస్టిక్ పోతపోసినట్టు ఒకే ముద్దగా ఉండేవి తీసుకోవద్దు, లోపల వైర్లు దగ్గరపడి షార్టయి కాలిపోవచ్చు. నా దగ్గర ఒకటి అలాగే అయింది, వాసన వస్తోందని మూత తీసి చూస్తే కనెక్టర్ చివర గోధుమరంగుకి తిరిగి మెత్తబడి ఉంది, డిస్క్ అదృష్టవశాత్తూ బతికింది. ఒక్కో వైరూ విడిగా కనబడేలా వెనకనుంచి గుచ్చినవి తీసుకోండి.

అన్నీ పెట్టాక స్మార్ట్ రిపోర్ట్‌లో (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) 199వ నంబర్, అంటే సీఆర్‌సీ ఎర్రర్లు (కేబుల్ దారిలో డేటా పాడైన సార్లు), పెరుగుతూ పోతుంటే డిస్క్‌నో కార్డునో వెనక్కి పంపించెయ్యకండి, ముందు సాటా కేబుల్ మార్చి చూడండి. ఆ అంకె ఎలాగూ తగ్గదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి. 5, 197 నంబర్లు (పాడైన సెక్టార్లు, అనుమానమున్న సెక్టార్లు) పెరుగుతుంటే మాత్రం అది డిస్క్‌దే, ఆ రోజే ఫొటోలు కాపీ చేసేసుకోండి.