స్టువార్ట్ 10వి మొదలుపెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

స్టువార్ట్ 10వి చిన్న నిలువు ఆవిరి ఇంజిన్ కాస్టింగులు (పోత భాగాలు) చేతికందాయని అమ్మ చెప్పింది. మొదటి ఇంజిన్‌కి సరైనదే ఎంచుకున్నావు. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) ముప్పావు అంగుళం, స్ట్రోకూ (పిస్టన్ కదిలే దూరం) అంతే, ఫ్లైవీల్ 3 అంగుళాలు. నీ చిన్న లేత్ మీద అన్నీ పడతాయి. అయితే ఇలాంటి ఇంజిన్లు తిరగకుండా మొరాయించేది సైజు తప్పడం వల్ల కన్నా లైను తప్పడం వల్లే. బోరు పదో వంతు మిల్లీమీటరు పెద్దదైతే పిస్టన్‌ని దానికి తగ్గట్టు చేసుకోవచ్చు. సిలిండర్, గ్లాండ్ (రాడ్ చుట్టూ ఆవిరి కారకుండా ఆపే భాగం), స్టాండర్డులోని (సిలిండర్‌ని మోసే నిలువు స్తంభం) గైడ్ ఒకే లైనులో లేకపోతే మాత్రం పిస్టన్ రాడ్ పట్టేస్తుంది, ఎంత నూనె పోసినా వదలదు.

అందుకే సిలిండర్ దగ్గర తొందరపడకు. నాలుగు దవడల చక్‌లో పట్టి, పోతలో వచ్చిన రంధ్రాన్ని నమ్మకుండా బయటి ఫ్లాంజిని చూసి సెంటర్ చెయ్యి. పోత ఇనుము పైపొర గట్టిగా, ఇసుక పట్టి ఉంటుంది. భయపడి సన్నగా గీస్తే టూలు మొన కాసేపట్లోనే మొద్దుబారుతుంది. మొదటి కోత అర మిల్లీమీటరుకు తగ్గకుండా, ఆ పొర కిందికి దిగేలా పెట్టు. నూనె అక్కర్లేదు, పొడిగానే కొయ్యి. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూలుతో బోరుకి 250 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), ఫ్లైవీల్ అంచుకి 80 చాలు. చివరి సైజుకి వచ్చాక క్రాస్ స్లైడ్ (టూలుని లోతుకి జరిపే భాగం) కదపకుండా అదే కోతని రెండు మూడుసార్లు నడిపించు. బోరింగ్ బార్ (బోరు లోపల కోసే టూలు కడ్డీ) వంగి వదిలేసినదంతా అప్పుడు తెగుతుంది. చక్ విప్పకముందే ఆ పక్క ముఖం కూడా ఫేసింగ్ చేసెయ్యి, బోరుకీ దానికీ లంబం దానంతటదే కుదురుతుంది. కింది కవరు మీద కూర్చోవలసింది ఆ ముఖమే, గుర్తు పెట్టుకో. రెండో ముఖాన్ని మాండ్రెల్ (బోరులో బిగుతుగా దూర్చే కడ్డీ) మీద పెట్టి చెయ్యి. స్టాండర్డుకీ ఇంతే: గైడ్ బోరూ పై ముఖమూ ఒకే పట్టులో అయిపోవాలి.

పిస్టన్‌ని విడిగా ఫైనల్ సైజు చెయ్యకు. కాస్త పెద్దదిగా ఉంచి, రాడ్‌కి బిగించి, రాడ్‌ని కాలెట్‌లో (గుండ్రటి కడ్డీని సరిగ్గా మధ్యలో పట్టే పట్టు) పట్టి అప్పుడు తిప్పు. ఇత్తడి పిస్టన్ అయితే వేడికి సిలిండర్ కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. 100 డిగ్రీలు పెరిగితే ఈ సైజులో తేడా దాదాపు 0.02 మిల్లీమీటర్లు. గాలితో హాయిగా తిరిగిన ఇంజిన్ ఆవిరి ఇవ్వగానే బిగుసుకోవడానికి ఇదే కారణం. వ్యాసంలో 0.05 వదులు, గాడిలో గ్రాఫైట్ ప్యాకింగ్ ఉంటే సరిపోతుంది.

స్క్రూలు కలపకు. 7 బిఏ (పాత బ్రిటిష్ సైజు) స్క్రూ, ఎం2.5 (మెట్రిక్) స్క్రూ రెండూ 2.5 మిల్లీమీటర్ల లావే కానీ పిచ్ (మర చుట్ల మధ్య దూరం) బిఏకి 0.48, ఎం2.5కి 0.45. రెండు చుట్లు ఎక్కి ఆగిపోతుంది, బలవంతపెడితే మర చెడుతుంది.

స్లైడ్ వాల్వ్‌నీ (ఆవిరిని సిలిండర్ రెండు కొసలకూ మార్చి మార్చి పంపే భాగం) పోర్టు ముఖాన్నీ (ఆవిరి దారులు తెరుచుకునే ముఖం) గాజు పలక మీద 600 నంబరు ఎమెరీ కాగితం వేసి చదునుగా రుద్దు. స్పిండిల్ (వాల్వ్‌ని కదిపే కడ్డీ) మీద వాల్వ్ కాస్త ఆడాలి, ఆవిరే దాన్ని ముఖానికి నొక్కుతుంది. గట్టిగా బిగిస్తే వాల్వ్‌ని ముఖం మీంచి స్పిండిల్ ఎత్తిపట్టి, ఆవిరి నేరుగా ఎగ్జాస్ట్‌లోకి (బయటికి పోయే దారిలోకి) పోతుంది. సెట్టింగ్‌లో చాలామంది తికమకపడేది ఇక్కడే: రెండు పోర్టులూ సమానంగా తెరుచుకోకపోతే స్పిండిల్ మీది నట్ జరపాలి. సమానంగానే తెరుచుకుంటూ ముందో వెనకో అవుతుంటే ఎక్సెంట్రిక్‌ని (షాఫ్ట్ మీద కేంద్రం తప్పి కూర్చుని వాల్వ్‌ని నడిపే చక్రం) తిప్పాలి. తిరిగే దిక్కులో అది క్రాంక్‌కి 90 డిగ్రీల కన్నా కొంచెం ఎక్కువ ముందుండాలి. పిస్టన్ కొసకి చేరేసరికి ఆ వైపు పోర్టు అప్పుడే తెరుచుకోవడం మొదలవ్వాలి. ఒకటి సరిచేస్తూ రెండోదాన్ని ముట్టుకోకు.

బిగించేటప్పుడు ఒక్కో భాగానికీ ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పి చూడు. ఏది బిగించాక బరువెక్కిందో తప్పు అక్కడుంది. గ్లాండ్ నట్‌లు వేళ్ళతోనే. మొదట ఒకటి, ఒకటిన్నర బార్ గాలితో ఓ గంట తిరగనివ్వు. బాయిలర్ సంగతి తర్వాత, దానికి మెత్తని టాంకం పనికిరాదు, సిల్వర్ సోల్డరే. ఆవిరి మీద నడిపిన రోజు మామూలు మెషిన్ ఆయిల్ కొట్టుకుపోతుంది, చిక్కటి స్టీమ్ ఆయిల్ వాడు. ఆపగానే, వేడి మీదే, గాలితో నీరంతా ఊదేసి సిలిండర్‌లో నూనె వెయ్యి. మర్నాటికి వాయిదా వేస్తే బోరు తుప్పు పట్టి ఉంటుంది.

మామయ్య